అంగుళమున్నర

అడ్డగుట్ట బడి వరండాకు మూడు మెట్లు.
ఒక్కోటి ఏడంగుళాలు.
నాలుగేళ్లుగా ఎక్కుతున్నాను వాటిని
సుద్దముక్కలు, హాజరు పట్టీ, త్రికోణమితి చంకన పెట్టుకుని.
ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

జవేరియా లెక్కపెట్టింది.
తనను కుర్చీతో సహా ఎత్తే ఇద్దరి చేతులు
ఏ మెట్టు దగ్గర వణుకుతాయో ఆమెకు తెలుసు.

నవంబర్‌లో పాఠం టాన్ తీటా.
పుస్తకంలో లైట్‌హౌసు, కింద ఓడ.
హైదరాబాదులో సముద్రం ఎక్కడ తేను?
"మన మెట్లకు ర్యాంపు గీయండి" అన్నాను.
తప్పించుకోవడానికే అన్నాను, నిజం చెప్పాలంటే.
ఆ రోజు నాకు గొంతు నొప్పి.

పదో తరగతి బి సెక్షన్ ఎండలోకొచ్చింది
సుతిలి, టేపు, నీళ్లు నింపిన సన్న గొట్టంతో.
మూల కలపడానికి నేను కోణమానిని తీస్తే
ఎల్లేష్ నవ్వాడు, ఎన్నడూ ముప్పై ఐదు దాటని ఎల్లేష్.
తాడుకు ముళ్లేసి నేలమీద పరిచాడు:
"మూడు, నాలుగు, ఐదు. గునియా గిట్ల కలుపుతరు సార్.
మా నాయిన బడికి పోలే."
నా నోట్సులోని సిద్ధాంతం లేచి వెళ్లి
వాడి పక్కన గొంతుక్కూచుంది.

అంగుళం ఎత్తుకు అడుగు పొడవు.
ఇరవై ఒక్క అంగుళాలకు ఇరవై ఒక్క అడుగులు.
సగంలో మలుపు, కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును.
అన్నీ సరిపోయాయి. చప్పట్లు.

జవేరియా కాగితం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.
"ఇందుల నన్ను ఎవరు నెడుతున్నరు సార్?"
చప్పట్లు ఆగాయి.
"ఎవరూ నెట్టొద్దు. నా చేతులతోని నేనే ఎక్కాలె."

ఇటుకల మీద పాత బల్ల పలక వేశాం.
ఒక ఇటుక తీసి, ఇంకోటి తీసి, పలకను సాగదీసి
ఆమె మోచేతులు ఒప్పుకున్న చోట ఆగాం:
అంగుళానికి అడుగుంబావు.
ఇరవై ఆరడుగుల మూడంగుళాలు.
సగం చేసి, చదును కలిపితే
పద్దెనిమిది అడుగుల అంగుళమున్నర.

పద్దెనిమిదో అడుగు దగ్గర బండ.
ఈ ఊరి బండ, ఊరికన్నా ముందు నుంచీ కూర్చున్నది.
సగం భూమిలో. మిగతా సగం మీద
మధ్యాహ్న భోజనం ప్లేట్లు ఆరేస్తారు.

అంగుళమున్నర కోసం రెండు రోజులు పోట్లాట.
చదును తగ్గిద్దామంది హిమజ.
మెట్టునే అరగదీద్దామన్నాడు ఫర్హాన్.
"అంగుళమున్నరే కదా, ఎవరికి తెలుస్తుంది"
అన్నాను నేను, లెక్కల మాస్టర్ని.
"చక్రానికి" అంది జవేరియా.

శనివారం ఎల్లేష్ నాయనమ్మ బాలనర్సమ్మ వచ్చింది,
రాళ్లు కొట్టే ఇంటి మనిషి.
టేపు చూపిస్తే చూడలేదు.
బండ అంచుకు రెండు వేళ్లు ఆనించి "గింతే గదా" అంది.
ఉలి పెట్టేముందు సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఒగ్గి విన్నది,
జ్వరమొచ్చిన పిల్ల వీపు మీద డాక్టరు విన్నట్టు.
పొద్దుగూకేలోపు
బండ రెండు వేళ్లు వెనక్కి జరిగింది.

ర్యాంపు ఉంది ఇప్పుడు. అంత అందంగా ఏమీ లేదు.
వానొస్తే మలుపులో నీళ్లు నిలుస్తాయి,
చదును మరీ చదునైపోయింది.
నీటికీ ఓ వాలు కావాలని మేమెవరం తలచలేదు.
వచ్చే ఏటి పిల్లలకు అది దాచిపెట్టాను.

ప్రీఫైనల్లో నిచ్చెన లెక్క వచ్చింది.
గోడ ఎత్తు ఇంత, కోణం ఇంత, నిచ్చెన పొడవెంత?
ఎల్లేష్ బొమ్మ గీశాడు, మూడు వంతులు సరిగ్గా చేశాడు,
వర్గమూలం దగ్గర జారాడు.
కింద ఇంకో వాక్యం రాశాడు:
"ఎక్కేది ఎవరు సార్?"

ఎర్ర పెన్ను మూత తీసి అలాగే కూర్చున్నాను.
దానికి మార్కులేసే గడి ఆ కాగితంలో లేదు.
అంచున, స్కేలు పెట్టకుండా,
ఒకటి గీసుకున్నాను.